ఆట ఆపేసి అసిస్టెంట్ కోచ్‌గా చేరవచ్చా? చేరితే రోజూ చేసే పనేమిటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 33. ఫుట్‌బాల్ జాతీయ పోటీ ఐ-లీగ్‌లో, అంతకుముందు రాష్ట్ర లీగుల్లో సెంటర్‌బ్యాక్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్‌గా ఆడారు. మోకాలు ఇక మాట వినడం లేదు. పాత క్లబ్బే అసిస్టెంట్ కోచ్‌గా రమ్మంటోంది, చేతిలో ఉన్నది కోచింగ్‌లో కింది మెట్టు డి లైసెన్స్ ఒక్కటే. చేరాలా, చేరితే ఏం చేయాలి, ఇది హెడ్ కోచ్ కావడానికి దారేనా అని అడిగారు.

చేరండి. కాకపోతే రెండు విషయాలు ముందే మాట్లాడుకుని చేరండి. ఒకటి, జట్టు పనిలో ఏదో ఒక భాగం పూర్తిగా మీకే అప్పగించాలి. మీరు సెంటర్‌బ్యాక్ కాబట్టి కార్నర్లు, ఫ్రీకిక్‌లు వచ్చినప్పుడు కాచుకునే పని మీకు సరిగ్గా అతుకుతుంది. రెండు, అదే క్లబ్బులో రిజర్వ్ జట్టో అండర్-17 జట్టో ఒకటి మీ చేతికి ఇవ్వాలి. ఈ రెండూ లేకపోతే కోన్లు పెట్టి, బంతులు అందిస్తూ మూడేళ్లు గడిచిపోతాయి. పేరుకు అసిస్టెంట్ కోచ్, పనికి మాత్రం గ్రౌండ్ బాయ్ అన్నట్టు తయారవుతుంది.

రెండో షరతు ఎందుకంటే, అసిస్టెంట్ సలహా ఇస్తాడు, నిర్ణయం తీసుకోడు. ఎవరిని ఆడించాలి, ఎవరిని పక్కన పెట్టాలి, 1-0 వెనకబడినప్పుడు ఎవరిని దించాలి అన్న బరువు అతని నెత్తిన ఉండదు. ఆ బరువు మోసే అలవాటు చిన్న జట్టుతోనే రావాలి. హాన్సీ ఫ్లిక్‌ను చూడండి. బయర్న్ మ్యూనిక్‌కు 1985 నుంచి 1990 దాకా ఆడిన మిడ్‌ఫీల్డర్. గాయాలతో 1993లో ప్రొఫెషనల్ ఆట వదిలాక తిన్నగా పెద్ద డగౌట్‌లోకి వెళ్లలేదు. 1996లో బమెంటల్ అనే చిన్న క్లబ్బు, 2000 నుంచి 2005 దాకా అప్పట్లో కింది డివిజన్లలో ఉన్న హోఫెన్‌హైమ్. ఆ తర్వాతే జర్మనీ జట్టులో హెడ్ కోచ్ లోవ్‌కు అసిస్టెంట్‌గా 2006 నుంచి 2014 వరకు ఉన్నాడు. 2019 జూలైలో బయర్న్‌లో మళ్లీ అసిస్టెంట్‌గానే చేరి, నవంబర్‌లో హెడ్ కోచ్ కొవాచ్ వెళ్లిపోతే పగ్గాలు పట్టుకుని, 2020 ఆగస్టుకల్లా జర్మన్ లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిపించాడు. చాలామంది ఆ పది నెలలే చూస్తారు. దానికి ముందు చిన్న క్లబ్బుల్లో గడిచిన తొమ్మిదేళ్లు ఎవరికీ కనబడవు.

మినహాయింపు లేకపోలేదు. మికెల్ ఆర్టెటా 2016లో ఆర్సెనల్‌లో ఆట ఆపి, ఆ వేసవిలోనే మాంచెస్టర్ సిటీలో హెడ్ కోచ్ గ్వార్డియోలా దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు. 2019 డిసెంబర్‌లో నేరుగా ఆర్సెనల్ హెడ్ కోచ్ అయ్యాడు, మధ్యలో సొంత జట్టేదీ నడపలేదు. కానీ అతను ఆడుతూ ఉండగానే లైసెన్స్ కోర్సులు మొదలుపెట్టాడు. పైగా ఆ మూడున్నరేళ్లూ మైదానంలో ఆటగాళ్లతో విడివిడిగా పనిచేశాడు. మీకు అలాంటి హెడ్ కోచ్ దొరికితే నా రెండో షరతు వదిలేయండి.

మన దేశంలో దారి ఇంకో రకంగా తెరుచుకుంటుంది. విదేశీ కోచ్ సీజన్ మధ్యలో వెళ్లిపోతాడు. మర్నాడు ఉదయం ట్రైనింగ్ నడిపేది ఎవరు? అక్కడున్న భారతీయ అసిస్టెంటే. ఖాలిద్ జమీల్ 2016-17లో ఐజ్వాల్ ఎఫ్‌సీని ఐ-లీగ్ విజేతగా నిలిపిన కోచ్. అయినా తర్వాత నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్‌గా పనిచేశాడు. 2021 జనవరిలో హెడ్ కోచ్ గెరార్డ్ నుస్‌ను తప్పించగానే జట్టు అతని చేతికి వచ్చింది, ప్లేఆఫ్ దాకా తీసుకెళ్లాడు. అదే ఏడాది ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) పూర్తిస్థాయి హెడ్ కోచ్ అయిన తొలి భారతీయుడు అతనే. 2025 ఆగస్టులో భారత జట్టు కోచ్ అయ్యాడు. క్లిఫర్డ్ మిరండాదీ ఇదే దారి. 2020 ఫిబ్రవరిలో హెడ్ కోచ్ లొబేరాను పంపించేశాక ఎఫ్‌సీ గోవాను తాత్కాలికంగా నడిపి, లీగ్ దశలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డ్ గెలిపించాడు. 2023లో ఒడిశా ఎఫ్‌సీకి మళ్లీ తాత్కాలిక కోచ్‌గానే సూపర్ కప్ తెచ్చాడు. కాబట్టి మీరు ఏ రోజున అయినా జట్టు మొత్తానికి గంటన్నర ట్రైనింగ్ ఒక్కరే నడపగలిగే స్థితిలో ఉండాలి. ఆ అవకాశం చెప్పి రాదు.

హెడ్ కోచ్ కావాలన్న కోరిక లేకపోయినా తప్పేం లేదు. ఆర్సెనల్ పాత డిఫెండర్ పాట్ రైస్ అక్కడే పన్నెండేళ్లు యువజట్టు కోచ్‌గా చేసి, 1996 నుంచి 2012 దాకా హెడ్ కోచ్ వెంగర్ పక్కన అసిస్టెంట్‌గానే ఉన్నాడు. అసిస్టెంట్ ఉద్యోగమూ ఒక పూర్తి వృత్తే.

అన్నిటికంటే కష్టమైంది: కాళ్లకు తెలిసింది నోటికి రావడం

ఇన్నేళ్లుగా మీ కాళ్లు వాటంతటవే చేసిన పనిని ఇప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడికి మాటల్లో చెప్పాలి. కొత్త కోచ్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. «లైన్ ఎక్కు, లైన్ ఎక్కు» అని టచ్‌లైన్ మీద నుంచి అరుస్తారు. ఎప్పుడు ఎక్కాలి, ఎంత ఎక్కాలి, ఎప్పుడు ఆగాలి అన్నది చెప్పరు. కుర్రాడికి కావలసింది కంటికి కనబడే గుర్తు.

అదే మాటను ఇలా విడగొట్టండి. ఎదుటివాళ్లు బంతిని వెనక్కి పాస్ చేస్తే, బంతి ప్రయాణిస్తున్నంతసేపూ నలుగురు డిఫెండర్లూ ఒకే వరుసలో ముందుకు ఎక్కాలి, సుమారు ఐదు నుంచి ఎనిమిది మీటర్లు. బంతి అందుకున్నవాడు మనకు వీపు పెట్టి ఉంటే ఇంకా ఎక్కవచ్చు. అతను మనవైపు తిరిగి, బంతిని అర మీటరు ముందుకు తట్టి తల ఎత్తాడంటే పొడవాటి పాస్ రాబోతోంది. అప్పుడు ఆగి, ఒక భుజం గోల్ వైపు తిప్పి, రెండు మూడు అడుగులు వెనక్కి వేయాలి. అంటే మూడు గుర్తులు, మూడు పనులు. ప్రతి పొజిషన్‌కూ ఇలా ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. మొదట్లో ఒక్కో పేజీకి గంట పడుతుంది. రాయలేకపోయారంటే ఆ విషయం మీకు చేయడం వచ్చు గానీ చెప్పడం ఇంకా రాలేదన్నమాట.

మీరే చేసి చూపించాలన్న ఆశ కూడా తగ్గించుకోండి. ఒకసారి చూపించండి, చాలు. కోచ్ ఇరవై పాస్‌లు కొడుతుంటే కుర్రాళ్లు నిలబడి చూస్తారు, నేర్చుకోరు. పైగా ఆ మోకాలు మీకు ఇంకా కావాలి.

వారం ఎలా నడుస్తుంది

శనివారం మ్యాచ్ ఉందనుకుందాం. ఆదివారం మ్యాచ్ ఆడినవాళ్లకు సైకిల్, స్ట్రెచింగ్, మసాజ్ వంటి తేలిక పనులు. బెంచి మీద ఉన్నవాళ్లకు, పది ఇరవై నిమిషాలు మాత్రమే ఆడినవాళ్లకు అదే రోజు గట్టి ట్రైనింగ్ కావాలి: 45 నుంచి 60 నిమిషాలు, నలుగురు-నలుగురు ఆటలు, చివర్లో పొడవాటి పరుగులు. ఈ సెషన్ దాదాపు ఎప్పుడూ అసిస్టెంట్‌దే. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది? వరుసగా నాలుగు వారాలు బెంచి మీదున్నవాడు ఐదోవారం హఠాత్తుగా 90 నిమిషాలు ఆడాల్సి వస్తే 60వ నిమిషానికి తొడ వెనక కండరం పట్టేస్తుంది. తప్పు అతనిది కాదు, వేగపు పరుగులు మ్యాచ్‌లో తప్ప ఇంకెక్కడా తీయించలేదు కాబట్టి.

సోమవారం సెలవు. మంగళవారం చిన్న స్థలంలో ఆటలు: ఎక్కువ మలుపులు, ఎక్కువ ఢీకొనడాలు. బుధవారం పెద్ద స్థలం, పదిమంది-పదిమంది, పూర్తి వేగం పరుగులు. గురువారం భారం తగ్గించి వ్యూహం. శుక్రవారం 45 నిమిషాలకు మించకుండా తేలిక పని, కార్నర్లు, ఫ్రీకిక్‌లు.

స్థలం కొలత మీద శ్రద్ధ పెట్టండి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు మైదానంలో 22 మంది ఆడితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు వస్తుంది. 40×30 మీటర్లలో గోల్‌కీపర్లతో కలిపి పదిమంది ఆడితే 120 మాత్రమే. మొదటిదాంట్లో కాళ్లకు పొడవాటి పరుగులు దొరుకుతాయి, రెండోదాంట్లో బ్రేకులు, మలుపులు ఎక్కువ. హెడ్ కోచ్ «ఈ రోజు పరుగు కావాలి» అన్నాక మీరు 40×30 గీస్తే, అందరికీ చెమట పడుతుంది గానీ అనుకున్న పని జరగదు. పరుగును కొలిచే జీపీఎస్ జాకెట్లు ఉన్న క్లబ్ అయితే సాయంత్రానికే దొరికిపోతారు.

ట్రైనింగ్‌కు 45 నిమిషాల ముందే గ్రౌండ్‌లో ఉండి అన్ని గీతలూ కోన్లతో గీసేయండి. ఒక ఆట నుంచి మరో ఆటకు మారడానికి రెండు నిమిషాలు మించకూడదు. జట్లను వేరుచేసే బిబ్బులు (పైన తొడిగే చేతుల్లేని జాకెట్లు) మూడు రంగులు, చుట్టూ 10-12 బంతులు సిద్ధంగా ఉండాలి. బంతి బయటకు పోయిన ప్రతిసారీ దాని వెనక పరుగెడితే నాలుగు నిమిషాల ఆటలో నిజంగా ఆడింది రెండున్నర నిమిషాలే అవుతుంది. వార్మప్‌లో ఐదుగురు-ఇద్దరు రోండో (చుట్టూ ఐదుగురు పాస్ చేస్తుంటే మధ్యలో ఇద్దరు బంతి లాక్కునే ఆట) పెడితే 10×10 మీటర్లు సరిపోతుంది. పాస్‌లు మరీ సులువుగా వెళ్తుంటే 8×8 చేయండి, బంతి మరీ త్వరగా చేజారుతుంటే 12×12.

ఆటను ఆపి చెప్పడం కొత్త కోచ్‌కు తియ్యటి వ్యసనం. నాలుగు నిమిషాల చొప్పున నాలుగు ఆటలంటే 16 నిమిషాలు. ఎనిమిదిసార్లు అర నిమిషం చొప్పున ఆపారంటే నాలుగు నిమిషాలు మీ ఉపన్యాసానికే పోయాయి. ఒక ఆటలో ఒక్కసారి ఆపండి, 20 సెకన్లలో ముగించండి. మిగతాది ఆటకూ ఆటకూ మధ్య విరామంలో ఆ ఆటగాడి పక్కకు వెళ్లి చెప్పండి.

వీడియో

ప్రత్యర్థి జట్టువి చివరి నాలుగైదు మ్యాచ్‌లు చూడండి. చూసిందంతా జట్టుకు చూపించకండి. 12-15 క్లిప్పులు, మీటింగ్ మొత్తం పావుగంట, అంతే. ఇరవయ్యో నిమిషం దాటాక ఎవరి బుర్రలోకీ ఎక్కదు. ఒక్కో ఆటగాడికి విడిగా మూడు నుంచి ఐదు క్లిప్పులు చూపించండి. అందులో కనీసం రెండు అతను బాగా చేసినవి ఉండాలి. క్లిప్ చూపించి ముందు «ఇక్కడ నీకేం కనబడింది?» అని అడగండి. చాలాసార్లు మీరు తప్పనుకున్నదానికి వాడి దగ్గర సరైన కారణం ఉంటుంది, పక్కవాడు మార్కింగ్ వదిలేయడం లాంటిది.

మ్యాచ్ రోజు

నేను సెట్‌పీస్‌లు, అంటే ఆ కార్నర్లు, ఫ్రీకిక్‌లు, మీ పేరు మీద రాయించుకోమన్నది ఇక్కడ పనికొస్తుంది. కార్నర్ కాచుకునేటప్పుడు ముగ్గురో నలుగురో గోల్ ముందున్న ఐదున్నర మీటర్ల పెట్టె గీత మీద స్థలాన్ని కాచుకుంటారు, ముగ్గురు ఎదుటి జట్టులో తలతో బాగా కొట్టేవాళ్లను అడ్డుకుంటారు, ఒకరిద్దరు పెనాల్టీ పెట్టె అంచున తిరిగొచ్చే బంతి కోసం. ఎవరు ఎక్కడో పేర్లతో ఒక కాగితం రాసి డ్రెస్సింగ్ రూమ్ గోడకు అంటించండి, మరో కాపీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మీ దగ్గర ఉంచుకోండి. వర్షంలో తడిసిన కాగితం ఎవరూ చదవలేరు.

గోల్ తేలిగ్గా పోయే సమయం ఒకటి ఎప్పుడో తెలుసా? సబ్‌స్టిట్యూట్ దిగిన వెంటనే వచ్చే కార్నర్‌లో. బయటకు వచ్చినవాడు ఎవరిని కాస్తున్నాడో కొత్తగా దిగినవాడికి ఎవరూ చెప్పరు. దిగే ముందు ఆ కాగితం చూపించి, «నువ్వు వాళ్ల ఐదో నంబర్‌ను పట్టుకో» అని ఒకే వాక్యం చెప్పడం అసిస్టెంట్ పని. ఎదుటి జట్టు కార్నర్ తీయబోతుంటే మార్పు చేయకుండా హెడ్ కోచ్‌ను ఆపడం కూడా మీ పనే.

లెక్క ఇంకొకటి. ఐదు మార్పులు చేయవచ్చు, కానీ ఆట మధ్యలో మూడుసార్లే. హాఫ్‌టైమ్‌లో చేసింది ఈ మూడింటిలోకి రాదు. 65వ నిమిషానికి రెండుసార్లు వాడేశారంటే, మిగిలిన ఒక్క అవకాశంలోనే చేయాల్సినవన్నీ చేయాలి, గాయాలతో సహా. ఈ లెక్క హెడ్ కోచ్ బుర్రలో ఉండదు, మీ చేతిలో రాసి ఉండాలి.

డగౌట్ ముందుండే టెక్నికల్ ఏరియాలో నిలబడి వ్యూహం చెప్పడానికి ఒక సమయంలో ఒక్కరికే అనుమతి. ఇద్దరూ లేచి అరిస్తే ఫోర్త్ అఫీషియల్, అంటే టచ్‌లైన్ దగ్గరుండే నాలుగో రిఫరీ, కూర్చోబెడతాడు. 2019 నుంచి కోచ్‌లకూ కార్డులు చూపించవచ్చు. డగౌట్‌లో ఎవరు అన్నారో తేలకపోతే ఆ కార్డు హెడ్ కోచ్ ఖాతాలో పడుతుంది. డిఫెండర్‌గా రిఫరీతో వాదించే అలవాటు మీకుంటే ఆ నోరు ఇంటి దగ్గరే వదిలి రండి.

హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. మొదటి రెండు మూడు నిమిషాలు ఆటగాళ్లను నీళ్లు తాగనివ్వండి. ఆలోగా హెడ్ కోచ్‌కు రెండు విషయాలు మాత్రమే చెప్పండి: ఏం జరుగుతోంది, ఏం మార్చవచ్చు. ఐదు చెబితే ఒక్కటీ వాడుకోలేడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో మీ స్థానం

నిన్నటిదాకా మిమ్మల్ని «అన్నా» అని పిలిచినవాళ్లే ఇప్పుడూ అలాగే పిలుస్తారు, పిలవనివ్వండి. కానీ పాత వాట్సాప్ గ్రూప్‌లోంచి బయటికి రండి. ఆ గ్రూప్‌లో కోచ్ మీద జోకులు పడతాయి. అక్కడుంటే ఒప్పుకున్నట్టు, చెబితే చాడీ చెప్పినట్టు.

ఆటగాళ్లు మీకు చెప్పేవాటిని మూడుగా విడదీసుకోండి. నొప్పి, గాయం అయితే దాచమని బతిమాలినా సరే, అదే రోజు ఫిజియోకు, హెడ్ కోచ్‌కు తెలియాలి. ఇంటి సమస్య అయితే అతని అనుమతి లేకుండా బయటికి పోకూడదు. «నన్ను ఎందుకు ఆడించడం లేదు» అన్న ఫిర్యాదు అయితే, «నేనైతే ఆడించేవాణ్ణి» అన్న మాట మీ నోట రాకూడదు. ఆ ఒక్క మాట సాయంత్రానికి హెడ్ కోచ్ చెవిలో పడుతుంది. «వెళ్లి సార్‌నే అడుగు, ఏం మెరుగుపరచుకోవాలో కూడా అడుగు» అని పంపించండి. హెడ్ కోచ్‌తో విభేదం ఉంటే ఆఫీసు గదిలో తలుపు వేసుకుని ఎంతైనా వాదించండి. బయటికొచ్చాక అది ఇద్దరి నిర్ణయం.

లైసెన్స్, ఒప్పందం

మన దగ్గర వరుస డి, సి, బి, ఎ, ఆపైన ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ప్రో. పెద్ద జట్టుకు ఎంత ఆడినా ఈ మెట్లు ఎక్కాల్సిందే. ఒక్కో కోర్సుకూ మధ్య మీరు ఒక జట్టుతో నిజంగా పనిచేసినట్టు చూపించాలి. అండర్-17 జట్టు అడగమనడానికి ఇది ఇంకో కారణం. కోర్సులు విడతలుగా జరుగుతాయి, తేదీలు సీజన్‌తో ఢీకొంటాయి. అందుకని సి లైసెన్స్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. సీట్లు పరిమితం.

ఒప్పందంలో చూడాల్సినవి ఇవి. హెడ్ కోచ్ వెళ్లిపోతే మీ ఉద్యోగం ఏమవుతుంది అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. ఎక్కువ క్లబ్బుల్లో కొత్త కోచ్ తన మనుషుల్ని వెంట తెచ్చుకుంటాడు. మీ ఒప్పందం క్లబ్బుతో ఉంటే కనీసం అకాడమీలోకైనా మారుస్తారు, లేదా మిగిలిన నెలల జీతంలో కొంతైనా వస్తుంది. జీతం పన్నెండు నెలలకా, సీజన్ నెలలకేనా? కోర్సు ఫీజు ఎవరు కడతారు, ఆ రోజులకు జీతంతో సెలవు ఇస్తారా? మోకాలికి ఇంకా చికిత్స మిగిలి ఉంటే, ఆటగాడిగా మీ ఒప్పందం రద్దు చేసుకునే ముందే ఆ ఖర్చు క్లబ్ భరిస్తుందని రాయించుకోండి. సంతకం పెట్టాక అది పాత గాయం అంటారు.

ఊరు మారడానికి కూడా సిద్ధపడాలి. రహీం సాబ్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ వంటి ఫుట్‌బాల్ దిగ్గజాలు పుట్టిన హైదరాబాద్‌లో ఈ రోజు జాతీయ స్థాయి క్లబ్ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది, శ్రీనిధి డెక్కన్ లాంటిది ఒకటి మిగిలింది. గోవా, కేరళ, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల్లోనే అవకాశాలు ఎక్కువ. కాబట్టి హిందీ, ఇంగ్లీషు రెండింట్లోనూ ట్రైనింగ్ నడపగలగాలి. మీ నోట్‌బుక్‌లోని ఆ మూడు గుర్తులనూ మూడు భాషల్లో గట్టిగా చదివి చూసుకోండి. ఏ భాషలో తడబడితే ఆ భాషలోనే వచ్చేవారం అండర్-17 కుర్రాళ్లకు చెప్పండి.